మార్కు సువార్త చివరి వచనాలు తర్వాత కలిపినవేనా?

మార్కు 16లో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు సినాయ్, వాటికన్ అనే చాలా పాత గ్రీకు చేతిరాత బైబిలు ప్రతుల్లో లేవని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నకలు రాసేవాళ్లు కావాలనే మార్చారా?

— చాలావరకు చేతి పొరపాట్లేనండి. రెండు వరుసలు ఒకే పదంతో ముగిస్తే కన్ను జారి మధ్యది ఎగిరిపోతుంది. కావాలని దిద్దినవీ ఉన్నాయి. మార్కు 1:2లో 'యెషయా ప్రవక్త' అని ఉన్నా, అక్కడ మలాకీ అనే మరో ప్రవక్త మాట కూడా కలిసింది కాబట్టి 'ప్రవక్తలు' అని మార్చారు. నా దృష్టిలో అది మోసం కాదు, తప్పు సరిచేస్తున్నామనే అనుకుని ఉంటారు.

— 1 యోహాను 5:7 మాత్రం అంత తేలిక కాదు. అందులోని త్రిత్వ వాక్యం (తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ ఒక్కటే అనేది) ఎరాస్మస్ అనే పండితుడి 1516 గ్రీకు కొత్త నిబంధన ముద్రణలో లేదు, 1522లో చేరింది.

— వాటికన్ ప్రతిలో హెబ్రీ 1:3 పక్కన ఒకాయన 'మూర్ఖుడా, పాతది అలాగే ఉంచు, మార్చకు' అని ముందు దిద్దినవాణ్ణి తిట్టాడు! కాపాడాలని తపించినవాళ్లూ ఉన్నారండి.