ఆప్టికల్ ట్వీజర్స్‌ని తెలుగులో ఏమందాం? పట్టకారా, శ్రావణమా, ఉచ్చా?

అడిగినవారు (హైస్కూల్ సైన్స్ టీచరు):

గ్రూపు పెద్దలకు నమస్కారం. మా బడి గోడపత్రికకి పిల్లలతో కలిసి ఆప్టికల్ ట్వీజర్స్ గురించి రాస్తున్నాం. మైక్రోస్కోపు కింద లేజరు వెలుగుతో ఒక చిన్న పూసనో బ్యాక్టీరియానో పట్టుకుని, ముట్టుకోకుండానే కదిపే పరికరం అది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్ చేసిన పని. 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం ఆయనకి వచ్చింది, అప్పటికి ఆయన వయసు 96.

నేను 'కాంతి పట్టకారు' అని రాశాను. ఎనిమిదో తరగతి అమ్మాయి చదివి, "టీచర్, పట్టకారుకి రెండు కాళ్లుంటాయి కదా, మరి వెలుగుకి?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. మాట మార్చాలా?

సభ్యుడు, కరీంనగర్:

మా దిక్కు పట్కారు అంటం అక్కా. పొయ్యి మీంచి గిన్నె దించేది. నానోమీటర్ల ముచ్చటకు ఆ పేరు పెడితే పిల్లల మనసుల వంటింటి ఇనుప సామానే మెదుల్తది. ముల్లు తీసే చిమటా ఉంటది కదా, అది నయమేమో చూడుండ్రి.

సభ్యుడు, స్వర్ణకారుల కుటుంబం:

శ్రావణం అనండి మేడమ్, కంసాలి వాడే చిన్న పట్టకారు. మా నాన్నగారు కుంపటి ముందు కూర్చుంటే ఆయన చేతిలో ఉండేది అదే. చూపుకి కూడా సరిగ్గా ఆనని బంగారు ముక్కని దాంతో ఎత్తి, ఉండాల్సిన చోట పెట్టేవారు. గట్టిగా నొక్కితే పని చెడిపోతుంది, వదులుగా పడితే జారి బూడిదలో పడుతుంది. ట్వీజర్స్ అన్న మాట వినగానే నాకు ఆయన వేళ్లే గుర్తొస్తాయి. ఈ మాట మా ఇళ్లలో కూడా వినబడడం తగ్గిపోయింది. ఒక కొత్త పరికరానికి పెడితే బతుకుతుందని నా ఆశ.

సభ్యులు, విశ్రాంత తెలుగు పండితులు:

శ్రావణం మంచి మాటే నాయనా. పాత నిఘంటువుల్లోనూ ఉంది. కాకపోతే ఈ తరం పిల్లలకి శ్రావణం అనగానే నెల గుర్తొస్తుంది. 'కాంతి శ్రావణం' అని రాస్తే పక్కన బొమ్మ వెయ్యక తప్పదు. 'కాంతి పట్టు' అందామా అంటే పట్టుచీర అడ్డొస్తుంది. ఇంగ్లీషులో ఆప్టికల్ ట్రాప్ అని కూడా అంటారు కనుక 'కాంతి ఉచ్చు' ఎలా ఉంటుందో ఆలోచించమ్మా.

సభ్యురాలు, జీవభౌతికశాస్త్రంలో పరిశోధన:

టీచరుగారూ, మీ విద్యార్థిని సరైన చోట వేలు పెట్టింది. వెలుగుకి కాళ్లు లేవు. రెండు పక్కల నుంచి అదిమి పట్టడం ఇక్కడ జరగనే జరగదు. నేను నాలుగేళ్లు ఈ పరికరం ముందే కూర్చున్నాను. నా ఉద్దేశంలో పేరు కంటే ముందు క్రియ సంగతి తేల్చుకోవాలి.

వెలుగు కొడుతుందని తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 'ఎదురు బండి లైటు కళ్లలో కొడుతోంది' అంటాం. 'ఎండ మొహాన కొడుతోంది, తలుపు వెయ్యి' అంటాం. చీకట్లో టార్చి కూడా కొడతాం. భౌతికశాస్త్రంలో ఇది అక్షరాలా నిజం, వెలుగు తను పడిన వస్తువుని తోస్తుంది. తోకచుక్క తోక సూర్యుడికి ఎడంగా సాగడానికి సూర్యకాంతి తోపుడే కారణమని ఖగోళశాస్త్రవేత్త కెప్లర్ 1619లోనే అన్నాడు. ఆ తోపుడు ఎంతుంటుందో చూడండి. 5 మిల్లీవాట్ల లేజర్ పాయింటర్ వెలుగునంతా ఒక నల్లటి గోడ పీల్చేసుకుంటే గోడ మీద పడే బలం సుమారు 17 పికోన్యూటన్లు (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు). ఒక ఎర్ర రక్తకణం బరువేమో దాదాపు ఒక పికోన్యూటన్. గోడకి తెలియనే తెలియని దెబ్బ కణానికి చాలా పెద్దది.

1970లో ఆష్కిన్ వెతికింది ఈ దెబ్బనే. నీళ్లలో తేలే సన్నటి పూసల మీద లేజరు కొట్టాడు. పూసలు ముందుకు కొట్టుకుపోయాయి, అది అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి జరిగింది. లేజరు పుంజం (బీమ్) అంచున ఉన్న పూసలు నడిమికి వచ్చి చేరాయి. పూస ఒక బుల్లి కటకం (లెన్స్) లాంటిది కాబట్టి దాని గుండా పోయే వెలుగు వంగుతుంది. పూస వెలుగుని ఒక పక్కకి వంచితే వెలుగు పూసని రెండో పక్కకి నెడుతుంది, మీరు తరగతిలో చెప్పే న్యూటన్ మూడో సూత్రమే. నడుమ వెలుగు చిక్కన, అంచున పలచన. అందుకని మొత్తం మీద పూస చిక్కటి వెలుగు వైపే జరుగుతుంది. 1986లో ఆయన, తోటివాళ్లు కలిసి ఒకే పుంజాన్ని మైక్రోస్కోపు కటకంతో ఒక చుక్కగా కుదించారు. అప్పుడు ఆ చుక్క లాగుడు ముందుకు తోసే బలాన్ని మించిపోయి పూస అక్కడే ఆగింది. 10 మైక్రోమీటర్ల పూస నుంచి 25 నానోమీటర్ల పూస దాకా అలా నిలబెట్టారు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, నానోమీటరు అందులో మళ్లీ వెయ్యో వంతు.

గుండ్రటి గిన్నెలో వేసిన గోలీని ఊహించుకోండి. ఎటు జరిపినా అడుక్కే వస్తుంది. గిన్నె జరిపితే వెంట వస్తుంది. ఇక్కడ గిన్నె వెలుగుతో చేసినది, అంతే తేడా.

మరి దీన్ని పట్టడం అనొచ్చా? నిక్షేపంలా అనొచ్చు. తెలుగులో పట్టడానికి చేతులు అక్కర్లేదు. కంటికి నిద్ర పడుతుంది. ఇనుముకి తుప్పు పడుతుంది. చంద్రుడికి గ్రహణం పడుతుంది, అక్కడ పట్టేది ఒట్టి నీడ. నీడ పట్టగలిగినప్పుడు వెలుగు పట్టడానికి అభ్యంతరం ఏముంది? మీ అమ్మాయికి ఈ వాక్యం చెప్పి చూడండి, కాళ్ల ప్రశ్న దానంతట అదే తీరుతుంది.

మాస్టారూ, 'ఉచ్చు' మాత్రం నాకు ఒప్పుదల కాలేదు, క్షమించాలి. ఉచ్చులో పడ్డ ప్రాణి గింజుకున్నకొద్దీ ఉచ్చు బిగుస్తుంది, చివరికి ప్రాణం పోతుంది. ఆష్కిన్ బ్యాక్టీరియాని పట్టినప్పుడు మొదట ఆకుపచ్చ లేజరుకి అవి చచ్చిపోయిన మాట నిజమే. కానీ 1987లో పరారుణ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్) లేజరుకి మారాక అవి ఆ వెలుగులోనే బతికాయి. బతకడమే కాదు, అక్కడే విభజన చెంది పిల్లల్ని పెట్టాయి. పిల్లలు పుట్టే చోటుని ఉచ్చు అనడానికి నాకు మనసొప్పదు.

పండితులు:

ఒప్పుకున్నానమ్మా, ఉచ్చు వద్దు. గ్రహణం అన్న మాటకి అర్థమే పట్టుకోవడం. నువ్విచ్చిన ఉదాహరణ నాకు చాలా నచ్చింది.

కరీంనగర్ సభ్యుడు:

అక్కా, ఒక అనుమానం. పూస మైక్రోమీటరుది అన్నరు. మరి నానోమీటర్లంత ప్రోటీన్‌ను ఎట్ల పడ్తరు?

పరిశోధకురాలు:

మంచి ప్రశ్న తమ్ముడూ. నేరుగా పట్టడం కష్టం. మామూలు కటకంతో వెలుగుని దాని తరంగదైర్ఘ్యంలో సగం కంటే చిన్న చుక్కగా చెయ్యలేం. అందుకని ప్రోటీనుకి ఒక పూస అతికించి ఆ పూసని పడతాం. ల్యాబ్‌లో అందరూ హ్యాండిల్ అంటారు, నేను పిడి అనుకుంటాను. కత్తిని పిడితో పట్టినట్టే. కైనెసిన్ అని కణంలో సరుకులు మోసే ప్రోటీను ఉంది. 1993లో దాన్ని ఇలా పిడితో పట్టి చూస్తే అది 8 నానోమీటర్ల చొప్పున అడుగులు వేస్తూ నడుస్తోందని తేలింది. అయిదారు పికోన్యూటన్లతో వెనక్కి లాగితే ఆగిపోతుంది. నేను మొదటిసారి ఆ మెట్లు మెట్లుగా ఉన్న గీతని తెర మీద చూసిన రోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మకి, "అది నడుస్తోందమ్మా" అని చెప్పాను. అంతకంటే మాట రాలేదు.

స్వర్ణకారుల కుటుంబం నుంచి సభ్యుడు:

పిడి బాగుంది మేడమ్. మరి నీళ్లలో గాలి బుడగ ఉంటే దాన్నీ పడుతుందా?

పరిశోధకురాలు:

పట్టదండీ, బయటికి నెట్టేస్తుంది. బుడగలో గాలి చుట్టూ ఉన్న నీటి కంటే వెలుగుని తక్కువ వంచుతుంది కాబట్టి లెక్కంతా తిరగబడుతుంది. ఆష్కిన్ ఆ సంగతి 1970లోనే గమనించాడు. శ్రావణానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే, ఇది అన్నిటినీ పట్టదు.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. పరికరం పేరు 'కాంతి శ్రావణం' అనే రాస్తున్నాను, పక్కన కంసాలి శ్రావణం బొమ్మ వేస్తున్నాం. పని చెప్పాల్సినచోట నామవాచకం వాడకుండా క్రియనే వాడతాను. అప్పుడు పట్టుచీర గొడవ ఉండదు. మొదటి వాక్యం ఇలా వచ్చింది: 'చంద్రుణ్ని నీడ పట్టినట్టు, పూసని వెలుగు పట్టింది.' మీ అందరి మాటా ఇందులో ఉంది.

ఇంకొక్కటి మిగిలింది. పూసని చుక్క ఎంత గట్టిగా వెనక్కి లాగుతుందో చెప్పే కొలతని స్టిఫ్‌నెస్ అంటున్నారు. నానోమీటరు జరిగితే ఎన్ని పికోన్యూటన్లు అన్న లెక్క. దీనికి 'గట్టితనం' అతకడం లేదు.

పండితులు:

'బిగువు' అనమ్మా. వీణ తీగకి అంటాం, నడికట్టుకీ అంటాం. లాగితే తెలిసేది బిగువే కదా.