కోరంగి మడ మట్టిలో కార్బన్: హెక్టారుకు 500 టన్నులు ఎలా దాటుతోంది?

తీరరేఖ:
కోరంగిలో పాయ ఒడ్డు నుంచి లోపలికి, తెల్లమడ, తిల్ల చెట్లు ఉన్న చోట్ల మీటరు లోతు కోర్లు (పైపు దించి తీసే నిలువు మట్టి నమూనాలు) తీశాం. ఒకటిన్నర మీటరు పొడవున్న 63 మి.మీ. పీవీసీ పైపును సుత్తితో దించాం. 0-15, 15-30, 30-50, 50-100 సెం.మీ. పొరల్లో ఒక్కోదాని మధ్య నుంచి 5 సెం.మీ. ముక్క కోసి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, సేంద్రియం కాలిపోవాలని 550 దగ్గర నాలుగు గంటలు కాల్చాం. బరువు 6 శాతం దాకా తగ్గుతోంది. సూత్రం ప్రకారం దాన్ని 0.415తో గుణించి 2.89 కలిపితే కార్బన్ 5.4 శాతం వస్తోంది. పొడి సాంద్రత (ఘన సెం.మీ.లో ఉండే పొడి మట్టి బరువు) దాదాపు 1 గ్రాము, అంటే మీటరు లోతుకు హెక్టారుకు 540 టన్నులు. మా గైడ్ గారు ఒప్పుకోవడం లేదు. తేడా ఫీల్డులోనా, ల్యాబ్‌లోనా?

ఉప్పుగాలి:
ముందు ఆ 2.89 సంగతి చూడండి. కాల్చినా ఏమీ తగ్గని ఉత్త ఇసుకను ఆ సూత్రంలో పెట్టినా 2.89 శాతం కార్బన్ ఉందంటుంది! అది మైక్రోనీషియా దీవుల మడ మట్టి మీద కట్టిన సూత్రం. గోదావరి డెల్టాది ఖనిజాల మట్టి, సేంద్రియం తక్కువ. మీ 5.4లో సగానికి పైగా ఆ ఒక్క అంకె నుంచే వస్తోంది.

ఆ 6 శాతమూ అంతా సేంద్రియం కాదు. గోదావరి దక్కను నల్లరేగడిని మోసుకొస్తుంది, అందులో స్మెక్టైట్ బంకమన్ను ఎక్కువ. దాని పొరల మధ్య నీరు 60 డిగ్రీలకు పూర్తిగా పోదు. ఖనిజంలోనే ఇమిడిన నీరు 450 దాటాక ఎక్కువగా వదులుతుంది. ఇదంతా కార్బన్ ఖాతాలో పడుతోంది. కాల్చే ముందు 105 దగ్గర రాత్రంతా ఉంచి, డెసికేటర్లో (గాలిలో తేమ తగలని మూత పాత్రలో) చల్లార్చి తూచండి. ఫర్నేస్ 450 దాటనివ్వకండి, బదులుగా ఎనిమిది గంటలు ఉంచండి.

అసలు మందు మాత్రం వేరే ఉంది. అన్ని లోతుల నుంచీ ఓ పాతిక నమూనాలు ఏరి సీహెచ్ఎన్ ఎనలైజర్‌లో (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ నేరుగా కొలిచే యంత్రం) పెట్టించి, మీ మట్టికి మీ సమీకరణం మీరే కట్టుకోండి. గుల్లల్లోని కార్బన్ సేంద్రియం కాదు కాబట్టి, దానికి ముందు గుల్ల ముక్కలు ఏరేసి, మిగిలినది పోవడానికి వెండి క్యాప్సూల్‌లో పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కచుక్కగా, నురగ ఆగేదాకా వేయాలి. తగరం క్యాప్సూల్ అయితే యాసిడ్‌కి తూట్లు పడుతుంది. యాసిడ్ పోసి నీళ్లతో కడిగే పద్ధతి వద్దు, కరిగే సేంద్రియం నీళ్లతోనే పోతుంది.

పాయనావ:
ల్యాబ్ సరే, పైపు సంగతీ చూడాలండీ. షాపులో 63 అని ముద్ర ఉండేది బయటి వ్యాసం. లోపల 58 ఉందనుకుంటే 5 సెం.మీ. ముక్క 132 ఘన సెం.మీ.; 63తో లెక్కిస్తే 156. సాంద్రత 15 శాతం తక్కువ కనిపిస్తుంది. వెర్నియర్ పెట్టి కొలవండి.

సుత్తితో కొడితే మట్టి కుంగుతుంది కూడా. పైపు పీకకముందే కొలవాలి: పైపు 100 సెం.మీ. దిగి, పై అంచు నుంచి లోపలి బురద దాకా 62 ఉంటే, లోపలున్న మట్టి 88. పైపులో 44 దగ్గర కోసిన ముక్క నిజానికి 50 లోతుది. సాంద్రతను 0.88తో గుణించాలి. పీకాక కొలిస్తే అడుగు నుంచి జారిపోయిన మట్టి కూడా కుంగుడు కిందే లెక్కవుతుంది. పైగా ఈ సవరణ కోరంతా సమానంగా కుంగిందనుకుంటుంది. పైన ఉండే మెత్తటి బురద ఎక్కువ కుంగుతుంది.

మీ సాంద్రత 1 చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఒక తప్పు పెంచుతుంటే ఇంకోటి తగ్గిస్తోంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి.

సగం గొట్టం ఆగర్ (నిలువునా సగానికి చీల్చిన గొట్టం లాంటి మట్టి తీసే పరికరం) దొరికితే అదే తీసుకోండి, కుంగుడు గొడవ దాదాపు ఉండదు. ఇసుక పొరల్లో మాత్రం జారిపోతుంది. పైపే అయితే అంచును బయటివైపు నుంచి ఆకురాయితో పదును పెట్టి, కొట్టకుండా తిప్పుతూ దించండి. పీకే ముందు పైన రబ్బరు బిరడా బిగించండి.

తీరరేఖ:
సీహెచ్ఎన్ ఫలితాలు వచ్చేలోపు, సేంద్రియంలో 58 శాతం కార్బన్ అనుకుని, బరువు తగ్గుదలను 0.58తో గుణించి చూపించొచ్చా?

ఉప్పుగాలి:
వద్దండీ. 6 శాతానికి 3.5 వస్తుంది, బంక నీళ్లు అందులోనూ ఉంటాయి. ప్రస్తుతానికి బరువు తగ్గుదల శాతాలే చూపించండి. ఇంకొకటి, సాంద్రతకు 60 డిగ్రీల బరువు, కార్బన్ శాతానికి 105 డిగ్రీల బరువు కలగలపకండి. రెంటికీ ఒకే పొడి బరువు ఉండాలి.

పాయనావ:
మళ్లీ కోర్లు తీయాల్సొస్తే అటవీ శాఖ అనుమతి పత్రంలో మట్టి నమూనాల సంఖ్య, లోతు రాసి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. అది అభయారణ్యం.