అప్‌డేట్: రెండు పుస్తకాల్లో చివరికి ఏది కొన్నానంటే

నెల క్రితం అడిగాను కదా, ఉన్న డబ్బుకి ఒక్కటే వస్తుంది, 'రీఫ్యాక్టరింగ్' (రాసిన ప్రోగ్రామ్ పనితీరు మారకుండా కోడ్‌ని శుభ్రం చేయడం నేర్పే పుస్తకం) కొనాలా, డిజిటల్ ప్రైవసీ మీద ఒక లావుపాటి అమెరికన్ పుస్తకం కొనాలా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు ఏ ఎడిషనో చూస్కో, విషయసూచిక చదువు" అన్న సలహానే నన్ను కాపాడింది. ఆదివారం పొద్దున్నే పాత పుస్తకాల కోసం హైదరాబాద్ ఆబిడ్స్ వెళ్లా. మూసున్న షాపుల ముందు ఫుట్‌పాత్ మీద, ఎంసెట్ గైడ్ల గుట్ట కింద 'రీఫ్యాక్టరింగ్' దొరికింది, అట్ట మీద గుండ్రంగా టీ మరకతో సహా. బేరం కూడా కుదిరింది. తీరా తెరిస్తే 1999 నాటి మొదటి ఎడిషన్, ఉదాహరణలన్నీ జావాలో. నేను పొద్దస్తమానం రాసేది జావాస్క్రిప్ట్, పేరు కలిసినా అది వేరే ప్రోగ్రామింగ్ భాష. 2018లో వచ్చిన రెండో ఎడిషన్‌లో ఉదాహరణలు జావాస్క్రిప్ట్‌లోనే ఉన్నాయి. పాతది అక్కడే పెట్టేసి (మనసు పీకింది, అబద్ధమెందుకు) కొత్తది తెప్పించుకున్నా.

ప్రైవసీ పుస్తకం ఫ్రెండ్ దగ్గర తిరగేశా. సగం అమెరికా వాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్, క్రెడిట్ ఫ్రీజ్ (మన పేరు మీద వేరేవాళ్లు అప్పు తీసుకోకుండా ఆపే ఏర్పాటు) గోలే, మనకు అక్కరకు రాదు. అసలు నా భయం హాస్టల్ వాళ్లకిచ్చిన ఆధార్ జిరాక్స్ గురించి. దానికి పుస్తకమే అక్కర్లేదు: ఇకపై ఇవ్వడానికి చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకున్నా, నా వేలిముద్రల్లాంటివి ఎవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ పెట్టా. 2023 డేటా రక్షణ చట్టం ఎలాగూ ఉచితంగానే చదువుకోవచ్చు.

ఆ పోస్టు కింద పేపర్‌బ్యాకా, ఈబుక్కా అని మనం కొట్టుకున్నదంతా దండగే, అసలు చూడాల్సింది ఎడిషన్, విషయసూచికే.