అమెరికా ప్లేయరులో మన డిస్కులు ఆడటం లేదు: తాళం తీయించవచ్చా?

ప్రశ్న (కావలి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అయ్యా, మా అల్లుడు సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వస్తూ ఒక బ్లూ-రే ప్లేయరును (డీవీడీల తరువాతి రకం డిస్కుల యంత్రం, డీవీడీలనూ ఆడిస్తుంది), డజను ఆంగ్ల చిత్రాల డిస్కులను తెచ్చి ఇచ్చాడు. అది 110 వోల్టుల యంత్రం కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించుకున్నాను. ఆ డిస్కులన్నీ చక్కగా ఆడుతున్నాయి. అయితే పదిహేనేళ్ల కిందట చెన్నైలో బిల్లు తీసుకుని మరీ కొన్న నా ఆంగ్ల డీవీడీలలో దేనిని పెట్టినా, లోపల డిస్కు కాసేపు తిరిగిన చప్పుడై, ఈ ప్రాంతంలో దీనిని ఆడించడానికి వీలులేదన్న వాక్యం తెర మీదికి వచ్చి అక్కడే ఆగిపోతున్నది. అల్లుడు తెచ్చినవాటిలోని డీవీడీలను మా పాత డీవీడీ ప్లేయరులో పెడితే అక్కడా ఇదే వరస. చిత్రమేమిటంటే, ఎదురింటి కుర్రవాడు ఎక్కడో కాపీ చేయించుకొచ్చిన, పైన మార్కరు పెన్నుతో పేరు రాసి ఉన్న డిస్కు మాత్రం రెండింటిలోనూ కిక్కురుమనకుండా ఆడింది. ఇది యంత్రంలోని లోపమా? బాగుచేయిస్తే చట్టం ఒప్పుతుందా?

జవాబు (ఒంగోలు, ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణం)

మాస్టారూ, యంత్రంలో లోపమేమీ లేదు, దానికి చెప్పిన పని అది చేస్తున్నది. మీ చెన్నై డీవీడీ అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మ, దాని మీద 5 అన్న అంకె ఉంటాయి చూడండి. డీవీడీలు వచ్చినప్పుడు కంపెనీలు ప్రపంచాన్ని ఆరు భాగాలుగా పంచుకున్నాయి. అమెరికా 1, ఐరోపా, జపాన్ 2, మనమూ రష్యా 5. బ్లూ-రేలకు వచ్చేసరికి అవి మూడై, అమెరికాకు ఏ, మనకు సీ వచ్చాయి. సినిమా అమెరికాలో ముందు, మన దగ్గర నెలల తరువాత విడుదలయ్యే రోజుల్లో, అక్కడి డిస్కు ఇక్కడికి వచ్చి థియేటరు వసూళ్లను దెబ్బతీయకూడదన్నది అప్పటి లెక్క. ఆ సినిమాలు థియేటర్లు వదిలి ఏళ్లు గడిచినా తాళం అలాగే ఉండిపోయింది. కుర్రవాడి డిస్కులో ఆ అంకె లేదు కాబట్టి దానిని యంత్రం ఏమీ అడగలేదు.

చాలా డీవీడీ ప్లేయర్లలో ట్రే తెరిచి రిమోటు మీద కొన్ని అంకెలు నొక్కితే ఈ ప్రాంతం లెక్క పోతుంది, కాబట్టి మీ పాత ప్లేయరుకు పెద్ద ఖర్చు ఉండదు. బ్లూ-రే విషయంలో మాత్రం మోడలును చూడకుండా మాట ఇవ్వలేను. కంప్యూటరులో మాత్రం తొందరపడకండి. అందులోని డీవీడీ డ్రైవులో ప్రాంతాన్ని ఐదుసార్లే మార్చుకోనిస్తారు. మా బావమరిది ఒకటికీ ఐదుకీ మధ్య తిప్పి తిప్పి, చివరికి ఒకటి దగ్గర ఇరుక్కుపోయాడు.

జవాబు (నెల్లూరు, ఒకప్పటి వీడియో లైబ్రరీ యజమాని)

ఈ బాధ డిస్కులతో మొదలైనది కాదు. క్యాసెట్ల కాలంలోనే మాక్రోవిజన్ అనే రక్షణ ఉండేది. దానివల్ల కాపీ తీసిన క్యాసెట్టులో బొమ్మ ఒకసారి వెలిగి ఒకసారి మసకబారేది. ఆ తరువాత డీవీడీలకూ అదే పెట్టారు. పాత టీవీకి యాంటెనా రంధ్రం తప్ప మరొకటి లేని ఇళ్లలో డీవీడీ ప్లేయరు తీగను వీసీఆర్ గుండా టీవీకి ఇచ్చేవారు. కాపీ ఆలోచనే లేని ఆ ఇళ్లలోనూ బొమ్మ గాలికి దీపంలా ఊగేది, తిట్లు మాత్రం డిస్కు అద్దెకిచ్చిన నేను తినేవాణ్ని. పోనీ దొంగలు ఆగారా అంటే, డీవీడీని కాపీ తీయకుండా 1996లో వేసిన తాళం 1999కల్లా విడిపోయింది. ఆ తాళం తీసే ప్రోగ్రామును బయటపెట్టిన కేసులో నార్వే కుర్రవాడు యోన్ యోహాన్సెన్‌ను అక్కడి కోర్టులు 2003లో నిర్దోషిగా తేల్చాయి. అన్నట్టు మాస్టారూ, కాపీ దొంగతనం నేరమని డిస్కు మొదట్లో వచ్చే హెచ్చరికను దాటించబోతే ప్లేయరు కుదరదని గుర్తు చూపిస్తుందే, ఆ హెచ్చరికను చూసేది కొనుక్కున్నవాడు ఒక్కడే.

జవాబు (నెల్లూరు, న్యాయవాది)

1957 నాటి కాపీరైటు చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్షను, జరిమానాను విధిస్తుంది. ఉద్దేశమన్న ఆ మాటే ఇక్కడ ముఖ్యం. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనిని అదే సెక్షను మినహాయించింది; సొంత డిస్కును సొంత ఇంట్లో చూసుకోవడాన్ని నిషేధించే నిబంధన ఆ చట్టంలో నాకు కనబడలేదు. అయితే అటువంటి పనిలో మరొకరికి తోడ్పడేవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, ఎందుకు చేయించుకుంటున్నాడన్న వివరం రాసి ఉంచుకోవాలి. ఒంగోలు మిత్రులు దీనిని గమనించగలరు. వినియోగదారుల కమిషనుకు వెళ్లే ఆలోచన ఏదైనా ఉంటే మాత్రం మానుకోండి; ఫిర్యాదుకు గడువు రెండేళ్లే, పైగా అట్ట మీద అంకె ముద్రించే ఉంది.

జవాబు (ఒంగోలు, ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణం)

మంచి మాట చెప్పారు. ఇన్నాళ్లూ మా పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాసి, పక్కన ‘ఆన్ కావడం లేదు’ అనో ‘ట్రే రావడం లేదు’ అనో రాసేవాణ్ని. మాస్టారి పేరు పక్కన ‘సొంత డిస్కులు ఇంట్లో చూసుకొనుటకు’ అని రాస్తాను. రెండు ప్లేయర్లనూ, రిమోట్లనూ, ఆడని డిస్కు ఒకదానినీ తీసుకురండి.

కావలి నుంచి

శనివారం వస్తాను. చెన్నై బిల్లు కూడా దొరికింది. అక్షరాలు దాదాపుగా వెలిసిపోయాయి గానీ, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తేదీ, మొత్తం కనబడుతున్నాయి. అది కూడా తెమ్మంటారా?