ట్రాన్సాక్షన్ ఉన్నప్పటికీ ఒకే సీటు ఇద్దరికి ఎలా అమ్ముడవుతోంది?

ప్రశ్న

మేము సీట్ల బుకింగ్ కోసం జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నాము. అటామిక్ రిక్వెస్ట్స్ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నందున ప్రతి రిక్వెస్టుకూ ఒక ట్రాన్సాక్షన్ మొదలై, వ్యూ (రిక్వెస్టుకు జవాబిచ్చే కోడ్) సవ్యంగా ముగిస్తే కమిట్ (మార్పులు ఖాయం), ఎక్సెప్షన్ వస్తే రోల్‌బ్యాక్ (మార్పులన్నీ రద్దు) అవుతుంది. బుకింగ్ వ్యూ ముందుగా సీటు ఖాళీగా ఉందో లేదో చదువుతుంది, తరువాత పేమెంట్ గేట్‌వేను పిలుస్తుంది, డబ్బు అందినట్టు జవాబు రాగానే ఆ సీటును అమ్ముడైనట్టు మార్చి టికెట్‌ను ఈమెయిల్‌లో పంపుతుంది.

లోడ్ టెస్టులో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకే సీటు అప్పుడప్పుడు ఇద్దరికి అమ్ముడవుతోంది. గేట్‌వే నెమ్మదించినప్పుడు బుకింగ్‌తో ఏ సంబంధమూ లేని పేజీలు కూడా నిలిచిపోతున్నాయి. అంతా ట్రాన్సాక్షన్ లోపలే జరుగుతున్నప్పుడు మొదటిది ఎలా సాధ్యం? ఐసోలేషన్ లెవెల్‌ను (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదాని మార్పులు మరొకదానికి ఎంతవరకు కనిపించాలో నిర్ణయించే అమరికను) అత్యంత కఠినమైన సీరియలైజబుల్‌కు మారిస్తే ఈ రెండూ తీరతాయా?

మొదటి సమాధానం

ట్రాన్సాక్షన్ అంటే లోపలి పనులన్నీ జరగడమో, ఏదీ జరగకపోవడమో అన్న హామీ మాత్రం మీకు పూర్తిగా దక్కుతోంది. మీరు చదివిన విలువ మీరు రాసేదాకా మారకుండా ఉంటుందన్న హామీ వేరు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ ఐసోలేషన్ లెవెల్ అయిన రీడ్ కమిటెడ్ ఆ హామీని ఇవ్వదు. అక్కడ ప్రతి స్టేట్‌మెంటూ తాను మొదలైన క్షణానికి కమిట్ అయి ఉన్న డేటాను చూస్తుంది, అంతే.

17వ సీటు కోసం రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చాయనుకుందాము. రెండూ సెలెక్ట్ చేస్తాయి, రెండింటికీ సీటు ఖాళీగానే కనిపిస్తుంది, రెండూ డబ్బు తీసుకుంటాయి. మొదటిది అప్‌డేట్ చేసి ఇంకా కమిట్ చేయకముందే రెండవది అదే వరుసను అప్‌డేట్ చేయబోతే, అది లాక్ దగ్గర ఆగుతుంది. మొదటిది కమిట్ కాగానే పోస్ట్‌గ్రెస్ కొత్త విలువ మీద రెండవ దాని వేర్ షరతును (ఏ వరుసను మార్చాలో చెప్పే షరతును) మళ్ళీ పరిశీలిస్తుంది. మీ షరతులో ఉన్నది సీటు ఐడీ ఒక్కటే కాబట్టి అది ఇప్పటికీ నిజమే, అందువల్ల మొదటివారి పేరు చెరిగిపోయి రెండవవారి పేరు పడుతుంది. ఎర్రర్ ఏదీ రాదు.

సీటు ఖాళీయా కాదా అన్న నిర్ణయాన్ని పైథాన్ కోడ్‌లో కాక ఆ అప్‌డేట్‌లోనే పెట్టండి: ఐడీ 17 అయి, స్థితి ‘ఖాళీ’ అయితేనే మార్చమని వేర్‌లో రాసి, ఎన్ని వరుసలు మారాయో చూడండి. ఒకటి వస్తే సీటు మీది, సున్నా వస్తే ఎవరో ముందే తీసుకున్నారు. చదివిన తరువాత కోడ్‌లో ఎక్కువ లెక్కలు చేయవలసి వస్తే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో వరుసను ముందే లాక్ చేయవచ్చు. జాంగోలో దానికి సెలెక్ట్_ఫర్_అప్‌డేట్ ఉంది. ఏ దారిలో వెళ్ళినా, టికెట్ల టేబుల్‌లో ప్రదర్శన, సీటు కలిపి ఒక యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి పడకుండా డేటాబేస్ అడ్డుకునే నియమం) తప్పకుండా ఉండాలి. రేపు ఇంకెవరో మరో వ్యూ రాసి ఈ షరతును మరచినా డేటాబేస్ మరచిపోదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, నాకు అంతకంటే ప్రమాదకరంగా కనిపిస్తున్న విషయం గురించి రాస్తాను. గేట్‌వే పిలుపు ట్రాన్సాక్షన్ లోపల ఉండకూడదు. అది జవాబు ఇచ్చేదాకా మీ డేటాబేస్ కనెక్షన్ ఏ పనీ చేయకుండా ట్రాన్సాక్షన్‌ను తెరిచిపెట్టుకుని కూర్చుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్ల పరిమితి డిఫాల్ట్‌గా 100 మాత్రమే. అవన్నీ గేట్‌వే కోసం ఎదురుచూస్తుంటే మిగతా పేజీలకు కనెక్షన్ దొరకదు. మీరు గమనించిన స్తంభన చాలావరకు ఇదే అయివుంటుంది. పైగా రోల్‌బ్యాక్ మీ టేబుళ్ళను వెనక్కి తీసుకువెళ్ళగలదు కాని, కస్టమర్ ఖాతా నుంచి వెళ్ళిన డబ్బును తీసుకురాలేదు.

పనిని రెండు చిన్న ట్రాన్సాక్షన్లుగా విడదీయండి. మొదటిదానిలో సీటును ఒక టోకెన్‌తో (ఆ బుకింగ్‌కే చెందిన గుర్తుతో), గడువుతో నిలిపి ఉంచి, పేమెంట్ టేబుల్‌లో ‘పెండింగ్’ వరుస ఒకటి రాసి కమిట్ చేయండి. ఆ తరువాత ఏ ట్రాన్సాక్షనూ తెరిచి లేని స్థితిలో గేట్‌వేను పిలవండి. పెండింగ్ వరుసలోని ఐడెంపొటెన్సీ కీనే (ఇది అదే చెల్లింపు అని గేట్‌వే గుర్తుపట్టే సంకేతాన్ని) పంపితే, ఆ సదుపాయం ఉన్న గేట్‌వేలో, తిరిగి ప్రయత్నించినా డబ్బు రెండుసార్లు పోదు. జవాబు వచ్చాక రెండవ ట్రాన్సాక్షన్‌లో సీటును ఖాయం చేయండి. ఇందుకు ఆ వ్యూను నాన్_అటామిక్_రిక్వెస్ట్స్ డెకరేటర్‌తో సెట్టింగ్ నుంచి మినహాయించవలసి ఉంటుంది.

ఈమెయిల్‌ను, కమిట్ అయ్యాకే నడిచే ఆన్_కమిట్‌లో పెట్టండి. కమిట్ అయిన మరుక్షణం ప్రాసెస్ ఆగిపోతే ఆ ఈమెయిల్ వెళ్ళదు. అది కూడా సహించలేని చోట, పంపవలసిన సందేశాన్ని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక అవుట్‌బాక్స్ టేబుల్‌లో రాసి, వేరే వర్కర్ దానిని తీసి పంపేలా చేయాలి. ట్రాన్సాక్షన్ తెరిచి ఖాళీగా కూర్చున్న సెషన్‌ను మూసివేసే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ డిఫాల్ట్‌గా నిలిపివేసి ఉంటుంది కాబట్టి దానికి కూడా ఒక విలువ ఇవ్వండి.

మూడవ సమాధానం

సీరియలైజబుల్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. అది ఈ ఒక్క సీటు సమస్యకు అవసరం లేదు, గేట్‌వే సమస్యకు అసలే పనికిరాదు. అయితే దానిని తోసిపుచ్చడం కూడా సరికాదని నా అభిప్రాయం. ఒకరికి ఒక ప్రదర్శనకు నాలుగు సీట్లకు మించి ఇవ్వకూడదన్న నియమం ఉందనుకోండి. ఒకే వ్యక్తి రెండు ట్యాబుల నుంచి వేర్వేరు సీట్లకు ప్రయత్నిస్తే, రెండు ట్రాన్సాక్షన్లూ మూడే ఉన్నాయని లెక్కపెట్టి, చెరొక సీటూ చేరుస్తాయి. అవి తాకిన వరుసలు వేరు కనుక వేర్ షరతూ, యూనిక్ కన్‌స్ట్రెయింటూ దీనిని పట్టుకోలేవు. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి ఉన్న సీరియలైజబుల్ అమలు పట్టుకుంటుంది: ఒక ట్రాన్సాక్షన్‌ను 40001 ఎర్రర్‌తో ఆపివేస్తుంది. అప్పుడు ట్రాన్సాక్షన్ మొత్తాన్ని, చదవడం దగ్గర నుంచీ, మళ్ళీ నడిపే బాధ్యత మీ కోడ్‌ది. అలా నడపాలంటే లోపల బయటి పిలుపులేవీ ఉండకూడదు, కాబట్టి రెండవ సమాధానంలోని విభజన ఇక్కడ కూడా ముందుగా జరగాలి. ఈ ఒక్క నియమమే ఉంటే, లెక్కపెట్టే ముందు ఆ వ్యక్తి వరుసను ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేయడం చాలా తేలిక.

ఒకేసారి అనేక సీట్లు లాక్ చేసేటప్పుడు ఎల్లప్పుడూ ఐడీ క్రమంలోనే చేయండి. ఒకరు 17, 18 అని, మరొకరు 18, 17 అని వస్తే డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం మరొకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడం) ఏర్పడి ఒకరికి 40పీ01 ఎర్రర్ వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వేర్ షరతు పెట్టిన తరువాత అదే టెస్టులో ఒకే సీటు రెండుసార్లు అమ్ముడవడం ఆగింది. విభజన విషయంలో ఒక సందేహం మిగిలింది: కస్టమర్ డబ్బు చెల్లిస్తుండగానే సీటు గడువు ముగిసిపోతే రెండవ ట్రాన్సాక్షన్ ఏమి చేయాలి?

రెండవ సమాధానం రాసినవారు

ఖాయం చేసే అప్‌డేట్‌లో గడువును కాక టోకెన్‌ను షరతుగా పెట్టండి. గడువు ముగిసినా ఆ సీటును వేరెవరూ తీసుకోకపోతే టోకెన్ మీదే ఉంటుంది, బుకింగ్ నిలుస్తుంది. వేరెవరైనా తీసుకుని ఉంటే టోకెన్ మారిపోయి సున్నా వరుసలు వస్తాయి. అప్పుడు అదే ట్రాన్సాక్షన్‌లో పేమెంట్ వరుసను ‘వాపసు ఇవ్వాలి’ అని మార్చి కమిట్ చేయండి, వాపసు పనిని వర్కర్ చూసుకుంటుంది. గేట్‌వే జవాబు రాకముందే మీ సర్వర్ ఆగిపోయిన సందర్భంలో పెండింగ్ వరుస అలాగే మిగులుతుంది కాబట్టి, పాత పెండింగ్ వరుసలను తీసుకుని గేట్‌వేను స్థితి అడిగే ఒక జాబ్ కూడా నడవాలి.