రెసిడ్యూ ఇంటిగ్రేషన్ ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే ఏది పట్టుకోవాలి?

ఎమ్మెస్సీ_లెక్కలు:
సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షకి సొంతంగా చదువుకుంటున్నాను. కాంప్లెక్స్ అనాలిసిస్‌లో కోషీ సిద్ధాంతం వరకు బాగానే వచ్చింది. రెసిడ్యూల (ఫంక్షన్ చెడే బిందువు దగ్గర సిరీస్ రాస్తే, 1 బై (జెడ్ మైనస్ ఆ బిందువు)కి వచ్చే కోఎఫిషియంట్) దగ్గర మాత్రం వీడియో చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, తీరా పెన్ను పట్టుకుంటే కాంటూర్ (ఇంటిగ్రల్ చేసే మూసిన దారి) ఎలా గీయాలో తోచదు. ఉదాహరణకి కాస్ ఎక్స్ బై (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1), మైనస్ ఇన్ఫినిటీ నుంచి ఇన్ఫినిటీ దాకా. కాస్ జెడ్ తీసేసి ఇ పవర్ ఐజెడ్ ఎందుకు పెడతారు? నేను చూసిన వీడియోల్లో "పెట్టుకుందాం" అనేసి ముందుకెళ్ళిపోతున్నారు. ఉచితంగా దొరికేవాటిలో ఏది మంచిదో చెప్పండి.

ఎగువ_తలం:
ముందు లెక్క సంగతి. మనకి కావలసింది ఎక్స్ అక్షం మీది ఇంటిగ్రల్ ఒక్కటే. ఆ అక్షం పైన గీసే పెద్ద అర్ధవృత్తం దారి మూయడానికి తెచ్చుకున్నది కాబట్టి, వ్యాసార్థం పెరిగేకొద్దీ దాని వాటా సున్నాకి పోవాలి. జెడ్ బదులు ఐవై పెట్టి చూడండి: కాస్ ఐవై అంటే కాష్ వై, వై పెరిగితే అదీ విపరీతంగా పెరుగుతుంది. ఇ పవర్ ఐజెడ్ అయితే ఇ పవర్ మైనస్ వై అవుతుంది, పైకి వెళ్ళేకొద్దీ కరిగిపోతుంది. అందుకే ఆ మార్పు. ఎగువ సగంలో ఉన్న పోల్ (కింది భాగం సున్నా అయ్యి ఫంక్షన్ అనంతానికి పోయే చోటు) ఐ ఒక్కటే, అక్కడ రెసిడ్యూ 1 బై 2ఐఇ. 2పైఐతో గుణిస్తే పై బై ఇ, సుమారు 1.1557. ఇ పవర్ ఐఎక్స్‌లోని సైన్ భాగం బేసి ఫంక్షన్ కనుక దానంతటదే సున్నా అవుతుంది.

చాక్‌పీసు:
ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో 18.04 (కాంప్లెక్స్ వేరియబుల్స్) కోర్సు నోట్స్ ఉచితం. లారెంట్ సిరీస్ (రుణ ఘాతాలు కూడా ఉండే పవర్ సిరీస్), రెసిడ్యూ సిద్ధాంతం, ఆ తర్వాత డెఫినిట్ ఇంటిగ్రల్స్, ఆ వరసలోనే చదవండి. ఐఐటీ వాళ్ళ పాఠాలు కావాలంటే ఎన్‌పీటెల్ ఉండనే ఉంది. జవాబు వోల్ఫ్రామ్ ఆల్ఫాలో సరిచూసుకోవచ్చు, కానీ మీ లెక్క పూర్తయ్యాకే.

శ్రేణి_ప్రియుడు:
లారెంట్ సిరీస్ దాటేసి మాత్రం ఇంటిగ్రల్స్‌లోకి దూకకండి, దయచేసి. పోల్స్‌కి పనిచేసే లిమిట్ ఫార్ములా బట్టీ పట్టినవాళ్ళు ఇ పవర్ (1 బై జెడ్) దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే సున్నా దగ్గర దానికున్నది పోల్ కాదు, ఎసెన్షియల్ సింగులారిటీ (సిరీస్‌లో రుణ ఘాతాలు అంతులేకుండా వచ్చే చోటు). సిరీస్ రాస్తే 1 బై జెడ్ కోఎఫిషియంట్ 1 అని కళ్ళముందే కనిపిస్తుంది, అదే రెసిడ్యూ.

ఎమ్మెస్సీ_లెక్కలు:
చాలా థాంక్సండీ. ఇప్పుడే 1 బై (1 ప్లస్ ఎక్స్ పవర్ 4) చేశాను, ఎగువ సగంలో రెండు పోల్స్ తీసుకుంటే పై బై రూట్ 2 వచ్చింది! మరి సైన్ ఎక్స్ బై ఎక్స్‌కి ఇ పవర్ ఐజెడ్ బై జెడ్ తీసుకుంటే పోల్ అక్షం మీదే పడుతోంది కదా?

ఎగువ_తలం:
సరిగ్గా వచ్చింది. ఇక్కడ సున్నాని చిన్న అర్ధవృత్తంతో తప్పించి వెళ్ళాలి. సింపుల్ పోల్ కాబట్టి 2పైఐ బదులు సగం, అంటే పైఐ రెట్లు రెసిడ్యూ. రెసిడ్యూ 1, ఇమాజినరీ పార్ట్ తీసుకుంటే జవాబు పై. అయితే కింద జెడ్ ఒక్కటే ఉంది కనుక పెద్ద అర్ధవృత్తాన్ని సున్నా చేయడానికి మామూలు అంచనా చాలదు, జోర్డాన్ లెమ్మా వాడాలి. దాని రుజువు ఒకసారి చేత్తో రాయండి, అరపేజీ కూడా ఉండదు.