కళ్లు మూసుకోమంటే భయపడే క్లయింట్‌కు మైండ్‌ఫుల్‌నెస్ ఎలా నేర్పాలి?

ప్రశ్న (కౌన్సెలర్, ఖమ్మం):
నా దగ్గరికి వచ్చే ఒకావిడకు కోపం వస్తే పట్టలేం. పిల్లల మీద అరిచేసి, తర్వాత కూర్చుని ఏడుస్తారు. కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటే కాసేపటికే గుండె దడ, చెమటలు. "నా వల్ల కాదు మేడమ్" అంటున్నారు. ఈవిడకు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని మంచీచెడూ అనకుండా గమనించే సాధన) మానేయమంటారా?

జవాబు (క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖ):
మానేయకండి, శ్వాసను మాత్రం పక్కన పెట్టండి. ప్యానిక్ ఉన్నవాళ్లను ఊపిరి మీదే ధ్యాస పెట్టమంటే భయం ఇంకా పెరగొచ్చు. కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనిన చోటో, ఫ్యాన్ చప్పుడో గమనించమనండి. అర నిమిషం చాలు. ఎప్పుడైనా ఆపేయొచ్చని ముందే చెప్పండి.

మార్షా లీనెహాన్ రూపొందించిన డీబీటీలో (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే తీవ్రమైన ఉద్వేగాలను తట్టుకోవడం నేర్పే చికిత్స) గమనించడం, గమనించినదాన్ని మాటల్లో పెట్టడం, చేసే పనిలో లీనమవడం అని మూడు నైపుణ్యాలు నేర్పుతారు. మీ క్లయింట్‌కు రెండోది బాగా అవసరం. "వాడికి నేనంటే లెక్కలేదు" అనేది తీర్పు. "పిలిచాను, పలకలేదు. దవడ బిగుసుకుంది, అరవాలనిపిస్తోంది" అనేది జరిగిన విషయం. నేను సెషన్‌లో ఈ రెండూ పక్కపక్కనే రాయిస్తాను. అరవాలనిపించినంత మాత్రాన అరవక్కర్లేదని వాళ్లకు తెలిసేది అక్కడే. కోపమే రాకూడదని లక్ష్యం పెట్టకండి. వచ్చిందంటే మళ్లీ తననే తిట్టుకుంటారు.

జవాబు (స్కూల్ కౌన్సెలర్, కర్నూలు):
హోమ్‌వర్క్ చిన్నదిగా ఇవ్వండి. జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ ప్రోగ్రామ్‌లో 8 వారాల పాటు రోజూ ఇంట్లో 45 నిమిషాల సాధన చేయిస్తారు. పొద్దున్నే క్యారేజీలు కట్టే తల్లికి అంత తీరిక ఎక్కడిది? అంట్లు తోమేటప్పుడు నీళ్ల చల్లదనం, సబ్బు జారడం గమనించమంటే చాలు. మనసు ఎటో పోతుంది. మళ్లీ చేతుల దగ్గరికి తెచ్చుకోవడమే సాధన అని చెప్పండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయకపోతే కోపంలో అస్సలు గుర్తురాదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మరి కోపం నెత్తికెక్కాక ఏం చేయమనాలి?

జవాబు (క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖ):
అప్పుడు గమనించమంటే కుదరదండీ. ముందు పిల్లల దగ్గర్నుంచి పక్క గదిలోకి వెళ్లమనండి. ఊపిరి బిగబట్టి, చల్లటి నీళ్లలో కాసేపు ముఖం ముంచితే గుండె వేగం తగ్గుతుంది. ఇదీ డీబీటీలో ఉన్నదే. గుండె జబ్బు ఉందేమో మాత్రం ముందే అడగండి. ఉంటే డాక్టర్‌ను అడక్కుండా ఇది చేయించకండి.